లాక్ ఆస్పత్రులు: ఆరోగ్యం పేరిట ఆడవారిపై నిఘా

సంఘం వార్షిక సంచికకు ప్రతి ఏడూ ఒక చరిత్ర వ్యాసం ఇవ్వడం మాకు అలవాటు. కోటల గురించి, చెరువుల గురించి, దర్గాల గురించి ఇదివరకు వ్రాశాం. ఈసారి లాక్ ఆస్పత్రుల గురించి వ్రాస్తామనగానే కమిటీ పెద్దలొకరు కాస్త వెనకాడారు. "ఇండ్లకు పోయే సంచిక కదా, ఆడపిల్లలు చదువుతారు" అన్నారు. ఆడపిల్లలు చదవాలనే వ్రాస్తున్నామని మనవి చేసుకున్నాం. ఆయన ఒప్పుకున్నారు. మాటల విషయంలో మర్యాద తప్పకుండా వ్రాయడానికి మా శక్తికొలది ప్రయత్నించాం. అయితే కప్పిపుచ్చడం మర్యాద కాదన్నది కూడా మా అభిప్రాయం.

సికిందరాబాద్ స్టేషన్ దిగి కొంచెం నడిస్తే రెజిమెంటల్ బజార్ వస్తుంది. ఇప్పుడది నాలుగు మతాలవాళ్ళు సంసారాలు చేసుకునే పేట. పేరు మాత్రం దండు కాలం నాటిది. 1806లో నిజాం సికిందర్ జాహ్ పేరు మీద ఈ ఊరు వెలిసింది. ఆ రోజుల్లో ఇంగ్లీషు పటాలం ఎక్కడ దిగితే అక్కడ దానికొక బజారు ఉండేది. బియ్యం కొట్టు, ధోబీ, భిస్తీ, దర్జీ, గుర్రాలకు గడ్డి కోసుకొచ్చే ఆడవాళ్ళు, సోల్జర్ల వంటిండ్లలో అంట్లు తోమేవాళ్ళు, అందరూ అందులోనే. ఉత్తరాన మీరట్, లక్నో, పెషావర్ మొదలు దక్షిణాన బళ్ళారి, బెంగుళూరు దాకా కంటోన్మెంట్ అంటే ఇదే ఏర్పాటు. ఇలాంటి బజార్లలో ఒక మూల తెల్ల సిపాయిల కోసమని కొందరు స్త్రీలను ఉంచేవారు. ఆ చోటును చక్లా అనేవారు. మేము ఏ ఒక్క పేటనూ వేలెత్తి చూపడం లేదు. ఈ చక్లాను పెట్టినదీ, లెక్క వ్రాసినదీ, కాపలా కాసినదీ ప్రభుత్వమే.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లండు నుంచి తెల్ల సైనికులు చాలామంది ఇక్కడికి దిగారు. వారిలో పెండ్లి చేసుకోవడానికి సర్కారు అనుమతి దొరికేది బహు కొద్దిమందికే. భార్యాపిల్లలకు క్వార్టర్సు, రేషను ఇవ్వాలంటే ఖర్చు కదా! వయసు కుర్రవాళ్ళు, చేతిలో జీతం, పక్కనే సారా కాంట్రాక్టు. సవాయి, సెగరోగం లాంటి సుఖవ్యాధులతో ఎప్పుడు చూసినా ఆస్పత్రి మంచాలు నిండి ఉండేవి. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యం మీద వేసిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. యుద్ధంలో చచ్చేవారికన్న రోగాలతో చచ్చేవారు ఎక్కువని అందులో తేలింది. దానితో పాలకులు కంగారు పడ్డారు. కంగారుపడి చేసిన పని ఏమిటంటే, మగవాణ్ణి వదిలి ఆడదాన్ని పట్టుకున్నారు.

ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. అక్కడ 1864లో అంటువ్యాధుల చట్టమని ఒకటి చేశారు. పోర్ట్స్‌మత్, ప్లిమత్, ఆల్డర్‌షాట్ వంటి దండు ఊళ్ళకు, రేవు ఊళ్ళకు అది వర్తించింది. 1866లో, 1869లో దాన్ని ఇంకా బిగించారు. పేరులో అంటువ్యాధులు అని ఉన్నా కలరాకు, మశూచికి దానితో సంబంధం లేదు. మామూలు దుస్తులు వేసుకున్న పోలీసు ఒకడు ఫలానా ఆమె మీద నాకు అనుమానం అంటే చాలు. ఆమె డాక్టరు ముందు శరీర పరీక్షకు నిలబడాలి. నేను అలాంటిదాన్ని కాను అని రుజువు చేసుకోవలసిన భారం ఆమెదే. రోగం ఉందని డాక్టరు అంటే ఆస్పత్రిలో నిర్బంధం. 1869 నాటికి ఆ నిర్బంధం తొమ్మిది నెలల దాకా పెరిగింది.

లాక్ అంటే తాళం కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. లండన్‌లో పూర్వం కుష్ఠురోగులకు లాక్ అనే ఆశ్రమం ఉండేది, ఆ పేరు అలా సుఖవ్యాధుల ఆస్పత్రికి వచ్చి చేరింది. మన దేశంలో మాత్రం తాళమూ ఉండేది, గుమ్మం దగ్గర కాపలావాడూ ఉండేవాడు.

ఇక్కడ 1864లో 22వ నంబరు కంటోన్మెంట్ చట్టం వచ్చింది. అంతకు చాలా ముందే, కుంపిణీ కాలంలోనే, లాక్ ఆస్పత్రులు ఒకసారి పెట్టి 1830లలో మూసేశారు. అవి అక్కరకు రాలేదని తేలిన తర్వాత మూసినవాటినే మళ్ళీ తెరిచారన్నమాట. కంటోన్మెంట్లలో చక్లా స్త్రీల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, టికెట్లు ఇచ్చి, నియమిత రోజుల్లో పరీక్షకు పిలిచేవారు. వారి మీద మహల్దార్ని అని ఒక పెద్దామెను జీతమిచ్చి పెట్టేవారు. పరీక్షకు రాకపోతే శిక్ష, లేదా కంటోన్మెంట్ బయటకు గెంటివేత. గెంటితే ఎక్కడికి పోవాలి? పుట్టింటివారు రానివ్వరు, ఊరు ఉండనివ్వదు. సికిందరాబాద్, బళ్ళారి దండుల్లో కూడా లాక్ ఆస్పత్రులు నడిచాయి. మద్రాసు ప్రభుత్వం ఏటేటా అచ్చువేసిన నివేదికల్లో వాటి లెక్కలున్నాయి.

దండు గోడ దాటి ఊళ్ళలోకి ఈ పద్ధతిని తెచ్చింది 1868 నాటి 14వ చట్టం. కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి పట్టణాలకు దాన్ని వర్తింపజేశారు. కలకత్తాలో 1869 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బెంగాలీ జనం దాన్ని చౌద్దో ఆయిన్, అనగా పద్నాలుగో చట్టం, అని పిలిచేవారు. ఆ పేరు వింటేనే బీద ఆడవాళ్ళు వణికిపోయేవారట. చాలామంది గంగ దాటి ఫ్రెంచివారి చందానగర్‌కు పారిపోయారు. అక్కడ ఇంగ్లీషు పోలీసుకు అధికారం లేదు. తమాషా చూడండి, ఒక పరాయి దొర చేతిలోంచి తప్పించుకోవడానికి ఇంకో పరాయి దొర నీడకు పోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. దివ్య ఖుర్ఆన్‌లో సూరె నూర్ ఉంది. శీలవతి అయిన స్త్రీ మీద నింద వేసేవాడు నలుగురు సాక్షులను తేవాలనీ, తేలేకపోతే ఆ నింద వేసినవాడికే 80 కొరడా దెబ్బలనీ, ఆపైన వాడి సాక్ష్యం ఎన్నటికీ చెల్లదనీ అందులో ఆజ్ఞ. హజ్రత్ ఆయిషా (రజి.) గారి మీద వేసిన అపనిందను ఖండించిన వాక్యాలు కూడా ఆ సూరాలోనే ఉన్నాయి. అరబ్బు దేశంలో ఏడవ శతాబ్దంలో నింద వేసేవాడి మీద పెట్టిన భారాన్ని, 19వ శతాబ్దంలో నాగరికులమని చెప్పుకున్నవారు నింద పడ్డ ఆడదాని మీద పెట్టారు. నలుగురు సాక్షులు అక్కరలేదు, ఒక పోలీసు జవాను చాలు. వాడికి లంచం ఇవ్వనిది, వాడి మాట విననిది, ఇంటివాడితో జగడమాడినది, ఎవరైనా ఆ రిజిస్టరులోకి ఎక్కవచ్చు. ఒకసారి ఎక్కితే దిగడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఆ వాక్యం శీలవతులకే గదా, ఈ బజారు ఆడవారికి ఎలా వర్తిస్తుంది అని కొందరు అడుగుతారు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఎవరు శీలవతి, ఎవరు కాదు అన్నది తేల్చింది ఎవరు?

ఈ ప్రశ్నను కోర్టుకెక్కించినది ఏ నాయకుడూ కాదు, సుఖీమణి రౌర్ అనే ఒక సామాన్య స్త్రీ. 1869లోనే, చట్టం అమలైన ఏడాదే, శరీర పరీక్షకు రాలేదని కలకత్తాలో ఆమెను జైలులో పెట్టారు. నేను బజారు స్త్రీని కాను కాబట్టే పరీక్షకు రాలేదు అని ఆమె వాదన. హైకోర్టు ఆమెకు పడిన శిక్ష చెల్లదని తీర్పు చెప్పింది. నమోదు అనేది ఆ స్త్రీ తనంతట తాను చేయించుకోవలసినదే గాని బలవంతాన చేయించేది కాదని న్యాయమూర్తుల అభిప్రాయం. చదువు, డబ్బు, అండ అన్నీ ఉన్నవారు ఇంగ్లీషు పోలీసు అంటే నోరెత్తని రోజులవి. ఈమె నోరెత్తింది, గెలిచింది. చట్టం మాత్రం ఇంకా 19 ఏండ్లు బ్రతికే ఉంది.

లక్నో సంగతి వేరు. అక్కడి చౌక్‌లోని తవాయిఫులు నవాబుల కాలంలో సంగీతం, కవిత్వం, తహజీబ్ నేర్చినవారు. పెద్దింటి పిల్లలు మర్యాద నేర్చుకోవడానికి వారి మజ్లిసులకు పోయేవారన్న సంగతి మీర్జా హాదీ రుస్వా "ఉమ్రావ్ జాన్ అదా" నవల చదివినవారికి తెలిసిందే. ఆ జీవితాన్ని మేము మెచ్చుకోవడం లేదు. దాని మంచిచెడ్డలు అల్లాకు తెలుసు. అయితే చరిత్రకారిణి వీణా తల్వార్ ఓల్డెన్‌బర్గ్ లక్నో పాత రికార్డులు తిరగవేసినప్పుడు రెండు విచిత్రాలు కనబడ్డాయి. 1858 నుంచి 1877 దాకా ఉన్న పన్ను లెక్కల్లో నగరంలో అందరికన్న ఎక్కువ పన్ను కట్టే తరగతిలో ఈ స్త్రీలున్నారు. సొంత ఇండ్లు, తోటలు, దుకాణాలు వారి పేరు మీదనే. రెండోది, 1857లో తిరుగుబాటుకు తోడ్పడ్డారని ఇంగ్లీషువారు ఆస్తులు జప్తు చేసిన జాబితాల్లోనూ వీరి పేర్లున్నాయి. బేగం హజ్రత్ మహల్‌తో కలిసి పోరాడిన నగరం గదా! అటువంటివారిని కూడా తర్వాత సిపాయి చక్లా వరసలోనే నిలబెట్టి, టికెట్టు చేతికిచ్చి, పరీక్షకు రమ్మన్నారు. ఆరోగ్యం కోసమే అయితే పాత పగ ఎందుకు కలిసింది అని మాకు సందేహం. ఆ స్త్రీలు ఊరుకోలేదు. పోలీసులకు, దాయీలకు డబ్బులిచ్చి తప్పుకునేవారు, కుటుంబ స్త్రీలమని చెప్పుకునేవారు, ఇండ్లు మార్చేవారు.

పోనీ, ఇంత చేసినందుకు రోగమైనా తగ్గిందా? తగ్గే వీలే లేదు. అప్పటికి ఈ రోగాల సంగతి వైద్యులకే పూర్తిగా తెలియదు. సెగరోగం సూక్ష్మజీవిని 1879లో కనుక్కున్నారు. సవాయి సూక్ష్మజీవి 1905లో బయటపడింది, రక్తపరీక్ష 1906లో వచ్చింది. పనికివచ్చే మందు సాల్వర్సాన్ 1910లో దొరికింది, పెన్సిలిన్ 1940లలో. 1868లో డాక్టరు చేయగలిగింది కంటితో చూడడం, పాదరసం పూయడం, అంతే. లోపల దాగిన రోగం కంటికి కనబడదు. ఒకే పనిముట్టుతో వరుసగా పదిమందిని చూస్తే లేని రోగం కూడా అంటుకుంటుంది. ఇవన్నీ పక్కన పెట్టినా, చిన్నపిల్లవాడికి కూడా తట్టే ప్రశ్న ఒకటుంది. రోగం ఇద్దరి మధ్య తిరిగేదైతే ఒకరినే పరీక్షించి ఏం లాభం?

ఆ ప్రశ్న అప్పుడూ వేశారు. ఇంగ్లండులో సోల్జర్లను కూడా ఒకప్పుడు పరీక్షించేవారు. అది వారి గౌరవానికి భంగమని 1859 ప్రాంతంలో మానుకున్నారు. 1871లో కూర్చున్న రాయల్ కమిషన్ అయితే, ఆడదానికి అది డబ్బు కోసం చేసే నేరం, మగవాడికి సహజమైన కోరిక, కాబట్టి ఇద్దరికీ పోలిక లేదని తేల్చేసింది. మగవాడికి గౌరవం, ఆడదానికి టికెట్టు. ఆ తర్వాత కాలంలో, కిచెనర్ ఇక్కడ సేనాధిపతిగా ఉన్న రోజుల్లో (1902-1909), సోల్జర్లకే బుద్ధి చెప్పి, ఆటపాటలు పెట్టి, సారా తగ్గిస్తే రోగాల లెక్క చాలా దిగింది. ఆ పనేదో నలభై ఏండ్ల ముందే చేసి ఉండవచ్చును.

ఇంగ్లండులో ఈ చట్టాల మీద ఎదురు తిరిగినవారిలో ముఖ్యురాలు జోసెఫిన్ బట్లర్. 1869 చివర ఆమె, హారియట్ మార్టినో, ఫ్లారెన్స్ నైటింగేల్ మొదలైన స్త్రీలు కలిసి ఒక నిరసన పత్రం వెలువరించారు. మర్యాదస్తుల ఇండ్ల ఆడవారు సభల్లో ఇలాంటి మాట ఎత్తడమేమిటని ఆమెను తిట్టినవారున్నారు, రాళ్ళు వేసినవారున్నారు. 1875లో ఆల్డర్‌షాట్‌లో పెర్సీ అనే ఒక విధవ, పాటలు పాడి పొట్ట పోసుకునే ఆమె, పోలీసుల వేధింపు పడలేక కాలువలో శవమై తేలింది. పరీక్షకు ఒప్పుకోనందుకు ఆమెకు పని దొరకకుండా చేశారు. ఆ చావు దేశాన్ని కదిలించింది. 1883లో నిర్బంధ పరీక్ష ఆగింది, 1886లో చట్టాలు రద్దయ్యాయి.

అక్కడ రద్దయిన ఆ 1886లోనే ఇక్కడ ఏం జరిగిందో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. జూన్ నెలలో సేనాధిపతి సర్ ఫ్రెడరిక్ రాబర్ట్స్ కార్యాలయం నుంచి పటాలాలకు ఒక సర్క్యులర్ పోయింది. రెజిమెంటు బజార్లలో స్త్రీలు తగినంత సంఖ్యలో ఉండేలా, చూడటానికి బాగుండేలా, వారికి సరైన ఇండ్లు ఉండేలా చూడాలని దాని సారాంశం. గుర్రాలకు దాణా పురమాయించినట్టు పురమాయించారు. 1888లో అది లండన్‌లో బయటపడి గగ్గోలైంది. పార్లమెంటు తీర్మానించింది, 14వ చట్టం రద్దయింది. ఆ ఏడాదే అలహాబాదు కాంగ్రెసు మహాసభ కూడా ఈ పద్ధతి పూర్తిగా పోవాలన్నవారిని మెచ్చుకుంటూ తీర్మానం చేసింది. కాని 1889లో కొత్త కంటోన్మెంట్ చట్టం వచ్చింది. దాని కింద చేసిన నియమాల చాటున పాత వ్యవహారం పాతగానే సాగింది.

సాగడం లేదని అధికారులు ఒట్టేసి చెబుతూ వచ్చారు. అప్పుడు అమెరికా నుంచి ఎలిజబెత్ ఆండ్రూ, డాక్టర్ కేథరిన్ బుష్నెల్ అనే ఇద్దరు స్త్రీలు వచ్చి, 1891-92లో ఉత్తర దేశంలోని పది కంటోన్మెంట్లు తిరిగారు. ఎవరికీ చెప్పకుండా చక్లాలకు పోయి, ఆ స్త్రీల పక్కన కూర్చుని, వారి నోటితోనే సంగతులు విని వ్రాసుకున్నారు. 1893లో లండన్‌లో విచారణ సంఘం ముందు ఆ వ్రాతలన్నీ పెట్టారు. వీరు చెప్పేది అబద్ధమని మొదట అన్న రాబర్ట్స్, తర్వాత వీరిద్దరికీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. గమనించండి, క్షమాపణ ఈ ఇద్దరికి. చక్లాలోని స్త్రీలకు కాదు. 1895లో బలవంతపు పరీక్షను నిషేధిస్తూ చట్టం చేశారు. కొద్ది కాలానికే, 1897లో, ఆ నిషేధాన్ని తీసేసి కొత్త నియమాలు తెచ్చారు.

ఆ 1897 ఫిబ్రవరిలోనే ఇంకో ఆరోగ్య చట్టం పుట్టింది. బొంబాయిలో ప్లేగు వచ్చిందని చేసిన ఎపిడెమిక్ డిసీజెస్ చట్టమది. మొన్న 2020లో కరోనా వచ్చినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులిచ్చింది దాని కిందనే. ఈ చట్టం మాత్రం బజారు ఆడవారిని, పరదా ఆడవారిని వేరు చేయలేదు. ప్లేగు గడ్డలు చంకల్లోనూ గజ్జల్లోనూ వస్తాయి కాబట్టి ఇండ్లలోకి, రైలు స్టేషన్లలోకి వచ్చి ఒళ్ళు తడిమి చూసేవారు. పూనాలో గోరా సిపాయిలు ఇండ్లు సోదా చేసిన తీరుకు జనం మండిపడ్డారు. జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు.

మనవారికి దగ్గరి సంగతి 1898 మార్చి 9న బొంబాయి మదన్‌పురాలో జరిగింది. అక్కడ ఉండేవారు జులాహాలు, మగ్గం మీద బ్రతికే బీద ముస్లిములు. ప్లేగు తనిఖీవారు ఒక జులాహా ఇంటికి వచ్చి 12 ఏండ్ల పిల్లను ఆస్పత్రికి తీసుకుపోతామన్నారు. ఇంటివారు వీల్లేదన్నారు. పేట పేటంతా దిగివచ్చింది, రాళ్ళు, కాల్పులు, చావులు. ఆ తర్వాత రేవు కూలీలు, బండ్లవారు పనులు ఆపారు, దుకాణాలు మూతపడ్డాయి. హిందువులూ కలిసివచ్చారు. ప్రభుత్వం మెత్తబడింది. ఆడవారిని ఆడవారే చూడాలనీ, ఏ జమాతువారు ఆ జమాతు ఆస్పత్రి పెట్టుకోవచ్చుననీ సడలింపులు వచ్చాయి. వైద్యం అక్కరలేదని మేము అనడం లేదు. ప్లేగు నిజంగా ప్రాణాలు తీసిన రోగం. ఒంటి మీద చేయి వేసే ముందు అడగాలన్నది ఆ జులాహాల మాట. అది సరైన మాటే.

ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది. అల్లరి జరిగి, పత్రికలు వ్రాసి, పెద్దలు రాయబారాలు నడిపి ఒక ఏడాదిలోనే ప్లేగు నియమాలు సడలించుకున్నాం. పద్నాలుగో చట్టం కింద దాదాపు 20 ఏండ్లు రోజూ ఆడవారిని పట్టుకుపోతుంటే ఒక పేట కూడా దిగిరాలేదు. పైగా మన పట్టణాల పెద్దమనుషుల్లో, హిందువులేమి ముస్లిములేమి, బజారు శుభ్రమవుతుందని లోలోపల సంతోషించినవారూ ఉన్నారు. 1898లో మదన్‌పురాలో ఒక పిల్ల కోసం మగ్గాలు ఆగాయి. అదే సమయంలో 1897 కంటోన్మెంట్ నియమాలు దండు బజార్లలో మళ్ళీ అమలవుతున్నాయి. వాటి కోసం ఎవరైనా దుకాణం మూసినట్టు మేము చదివిన చరిత్రల్లో ఎక్కడా లేదు.